కిడ్నీ మార్పిడి అయినంక బత్తాయి రసం తాగొచ్చా? టాక్ లెవల్ 14 వచ్చింది, మస్తు బుగులైతుంది

బత్తాయితోట_నల్గొండ (శనివారం రాత్రి 7:40)

అందరికీ నమస్తే. మాది నల్గొండ పక్క ఊరు, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా ఆయనకు కిడ్నీ మార్పిడి అయి నాలుగున్నర నెలలైంది, కిడ్నీ ఇచ్చింది మా అత్తమ్మ. అంతకుముందు రెండేండ్లు డయాలసిస్, వారానికి మూడుసార్లు పోవుడు వచ్చుడు, నీళ్లు గూడ కొలిచి తాగుడు, సొంత తోటల కాయ ఉండంగ ఒక్క తొన తిననియ్యలే ఆయనకు. అందుకే ఆపరేషన్ అయినంక డాక్టర్లు ఇగ పండ్లు మెల్లగ తినొచ్చు అనంగనే అత్తమ్మ రోజూ తోట నుంచి కాయ తెప్పించి తన చేతితోనే రసం తీసి ఇచ్చుడు మొదలువెట్టింది, పొద్దున ఒక గ్లాసు, పగలు ఒక గ్లాసు, ఒక్కోసారి సాయంత్రం గూడ, ఇట్ల నెల రోజుల సంది నడుస్తుంది.

నిన్న హైదరాబాద్ పోయి రక్తం ఇచ్చి వచ్చినం, ఇయ్యాల సాయంత్రం రిపోర్ట్ ఫోన్ల వచ్చింది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండ ఏసే గోలి టాక్రోలిమస్, టాక్ అంటరు, రక్తంల దాని లెవల్ 14.2, పోయిన నెల 7.8 ఉండె. కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ 1.1 ఉన్నది 1.6 అయింది, పొటాషియం 5.6. నాలుగైదు రోజుల సంది చేతులు వణుకుతున్నయ్, చాయ్ గ్లాసు పట్టుకుంటే ఒలికిపోతుంది, తలనొప్పి గూడ అంటుండు. కోఆర్డినేటర్ మేడంకు రెండుసార్లు చేసిన, ఎత్తలే. సోమవారం దాక ఆగుదమా అనుకుంటున్నం.

అసలు బాధ ఏందంటే డిశ్చార్జ్ కాగితంల గ్రేప్‌ఫ్రూట్ తినొద్దు అని రాసిన్రు, అప్పుడు మేము ద్రాక్ష అనుకున్నం, ద్రాక్ష బందు వెట్టినం. ఇప్పుడు మా ఆడిబిడ్డ ఏదో వీడియో చూసి అది ద్రాక్ష కాదు నిమ్మజాతి పండు, బత్తాయి గూడ అదే జాతి, రసం తాగిపిచ్చే కిడ్నీ ఖరాబ్ చేసిన్రు అని అత్తమ్మ మొఖం మీదనే అన్నది. పొద్దున రిపోర్ట్ రాకముందుకే వణుకుడు చూసి ఈ మాట అన్నది, రిపోర్ట్ చూసినంక ఇగ ఆమె మాటనే నిజం అయినట్టు అయింది. అత్తమ్మ అప్పటి సంది ముద్ద ముట్టలే. కిడ్నీ ఇచ్చిన మనిషి ఆమె, తన చేతితోనే కొడుకును ఇట్ల చేసిన్నేమో అని మూలకు కూసొని ఏడుస్తుంది. నిజంగ బత్తాయితోని ఇంత అయితదా? తెల్సినోళ్లు జెర చెప్పండి.

పాలమూరు_ఆరేండ్లు (రాత్రి 8:05)

చెల్లె, ముందుగాల ఒక మాట, సోమవారం దాక ఆగకుండ్రి. డిశ్చార్జ్ ఫైల్ ముందు పేజీ మీదనో ఆఖర్లనో ఎమర్జెన్సీ నంబర్ ఉంటది, వార్డుదో డ్యూటీ డాక్టర్‌దో, అది రాత్రి గూడ ఎత్తుతరు. ఇప్పుడే చెయ్యి. చేతులు వణుకుడు, తలనొప్పి, టాక్ ఎక్కువైతే వచ్చేటివే అవి, నాకు గూడ మొదట్ల అయినయ్. పొటాషియం 5.6 అంటే గూడ ఊకోవద్దు, అది గుండె కొట్టుకునేదాని మీదికి వస్తది.

నాకు మార్పిడి అయి ఆరేండ్లు దాటింది, మాది జడ్చర్ల దిక్కు. నేను అడిగేటివి నాలుగు ముచ్చట్లు, ఫోన్ల డాక్టర్ గూడ ఇవే అడుగుతడు, యాది చేసుకొని పెట్టుకో. రక్తం ఇచ్చిన రోజు పొద్దుటి గోలి మింగినంక ఇచ్చిన్రా, మింగకముందు ఇచ్చిన్రా? ఎందుకంటే గోలి మింగిన రెండు మూడు గంటలకు రక్తంల అది శిఖరానికి పోతది, అప్పుడు తీస్తే లెవల్ ఊకెనే ఎక్కువ చూపిస్తది. నేను మొదటి సంవత్సరం గదే తప్పు చేసిన, 8 గంటల గోలి 8 గంటలకే ఎయ్యాలె కదా అని బస్సుల షాద్‌నగర్ దాటంగ మింగిన, 10 గంటలకు రక్తం ఇచ్చిన, లెవల్ 19 వచ్చి మోతాదు తగ్గించిన్రు, పది రోజులకు మల్ల చూస్తే 4 కు పడిపోయింది. రెండోది, ఈ పదిహేను రోజులల్ల వేరే ఏ మందు అయినా వాడిన్రా, సూది గిట్ల? మూడోది మోషన్స్ అయినయా? నాలుగోది, గోలి ఏసుకునే టైం మారిందా, తిన్నంక ఏస్తుండ్రా తినకముందా?

బత్తాయితోట_నల్గొండ (రాత్రి 8:50)

అన్నా మీరు చెప్పినట్టే ఫైల్ తీసి చూసిన, నంబర్ దొరికింది, డ్యూటీ డాక్టర్ మాట్లాడిన్రు. ఇయ్యాల రాత్రి టాక్రోలిమస్ గోలి ఆపుమన్నరు, మిగిలిన గోలీలు ఏస్కోమన్నరు, రేపు పొద్దున ఎమర్జెన్సీకి రమ్మన్నరు, ఛాతీల దడ వచ్చినా బలహీనం అనిపించినా ఈ రాత్రికే బయల్దేరమన్నరు. కారు మాట్లాడుకున్నం.

మీరు అడిగిన వాటికి. రక్తం గోలికి ముందే ఇచ్చినం, డబ్బా నా సంచిల పట్టుకపోయిన, ఇచ్చినంకనే ఏసిన. టైం రోజూ 8, 8. పొద్దున లేచి గోలి ఏసుకొని గంటకు టిఫిన్ తింటడు. మోషన్స్ అయినయ్, మంగళ బుధ రెండు రోజులు, నాలుగైదు సార్లు. వేరే మందు అంటే పోయిన ఆదివారం దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు ఉండె, హైదరాబాద్ పోవుడు ఎందుకు అని ఊర్ల ఆర్ఎంపీ దగ్గరికి పోయిండు. ఒక సూది ఏసి ఐదు రోజులకు గోలీలు ఇచ్చిండు. కిడ్నీ మార్పిడి అయిందని చెప్పినం, పర్వాలేదు తక్కువ పవరే అన్నడు. ఇప్పుడు ఆ పట్టీ చూసి రాస్తున్న, క్లారిత్రోమైసిన్ 500 అని ఉంది, మొన్న గురువారం అయిపోయినయ్. డాక్టర్‌కు గూడ చదివి చెప్పిన, ఆయన అదే అదే అన్నరు ఫోన్ల, గాని పూర్తిగ సమజ్ కాలే.

మందుల_లెక్క (రాత్రి 9:30)

అమ్మా, మాది దేవరకొండ, హైదరాబాద్‌ల క్లినికల్ ఫార్మసిస్ట్‌గా చేస్తున్న, మార్పిడి పేషెంట్ల మందులు చూసుడే నా పని. మీ డాక్టర్లు చెప్పిందే చెయ్యండి, నేను రాసేది ఎందుకు అట్ల అయిందో మీకూ మీ అత్తమ్మకూ తెలవాలని.

ముందు ఆమెకు చెప్పండి, లెవల్ 14 కు పోవుడు మీ బత్తాయి పని కాదు. క్లారిత్రోమైసిన్ పని. అట్ల ఎందుకు అంటున్ననంటే, టాక్రోలిమస్ గోలి మింగినంక అదంత రక్తంలకు పోదు. పేగు గోడల, కాలేయంల సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఒకటి ఉంటది, గడప దగ్గర కావలి లెక్క, వచ్చిన మందుల చాలా వరకు అక్కడనే విరగ్గొట్టి పారేస్తది, కొంచెమే లోపలికి పోనిస్తది. డాక్టర్లు మోతాదు లెక్కగట్టేటప్పుడు ఈ కావలి ఉన్నదనుకొనే లెక్కగడ్తరు. క్లారిత్రోమైసిన్ వచ్చి ఆ కావలిని కట్టేస్తది. అప్పుడు అదే ఒక్క గోలి నాలుగు గోలీలు మింగినట్టు పనిచేయొచ్చు. ఎరిత్రోమైసిన్ గూడ గంతే, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ గంతే, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్ గూడ అంతే. దీనికి ఉల్టా, టీబీ మందు రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఆ ఎంజైమ్‌ను పెంచుతయ్, లెవల్ పడిపోతది, శరీరం కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం.

దానికి తోడు మోషన్స్. మామూలుగ మోషన్స్ అయితే మందు కొట్టుకపోయి లెవల్ తగ్గుతది అనుకుంటరు, టాక్రోలిమస్‌కు మాత్రం అట్ల కాదు, పేగు గోడ పుండై ఆ ఎంజైమ్ తగ్గి ఇంకా ఎక్కువ మందు లోపలికి పోతది. రెండు రోజుల మోషన్స్ అంటే గూడ ఫోన్ చెయ్యాలె ఇగ మీదట. ఇగ ఒళ్లునొప్పుల సూది, మన ఊళ్లల్ల ఎక్కువ డైక్లోఫెనాక్ ఏస్తరు. మీకు ఏసింది అదేనో కాదో కనుక్కొని డాక్టర్లకు చెప్పండి, అది గూడ కిడ్నీకి రక్తం తగ్గిస్తది, టాక్ ఎక్కువ ఉన్నప్పుడు అయితే దెబ్బ మీద దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, అది గూడ అడిగి.

ఇప్పుడు బత్తాయి ముచ్చట. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు, మీ ఆడిబిడ్డ చెప్పిన దాంట్ల అంతవరకు నిజం ఉంది, మన పంపర పనసకు దగ్గరి చుట్టం అది. దాంట్ల ఫ్యూరానోకౌమరిన్లు అని ఉంటయ్, అవి పేగుల ఆ ఎంజైమ్‌ను కట్టేసుడు కాదు, మొత్తమే చంపుతయ్, పేగు మల్ల కొత్తది తయారు చేసుకోవాలంటే ఒకటి నుంచి మూడు రోజులు పడ్తది. అందుకే పొద్దున గోలి, రాత్రి పండు అంటే నడవదు. ఇది బయటపడ్డదే అనుకోకుంట, కెనడాల బీపీ మందు ఫెలోడిపిన్ మీద, సారాతో కలిస్తే ఏమైతదో చూద్దమని పరీక్ష పెట్టి, సారా రుచి తెలవకుండ గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపిన్రు, తీరా చూస్తే మందు లెవల్ చాలా రెట్లు ఎక్కింది, సారా వల్ల కాదు రసం వల్ల అని 1991ల లోకానికి చెప్పిన్రు.

మీ నల్గొండ బత్తాయి, సాత్‌గుడి, తియ్యటి నారింజ జాతి. తియ్యటి నారింజలల్ల ఆ పదార్థాలు లేనట్టే. పంపర పనస, పుల్లటి నారింజ మాత్రం గ్రేప్‌ఫ్రూట్ లెక్కనే చూడాలె, ముట్టొద్దు. దబ్బకాయ అని ఊరికొక కాయను పిలుస్తరు, ఏ జాతో తెలవకుండ పచ్చడి పెట్టి ఇయ్యకండి. పప్పుల పిండుకునే నిమ్మకాయ చెక్కకు భయం లేదు.

కాని ఒకటి నిజం చెప్పాలె, రోజుకు రెండు మూడు గ్లాసుల రసం మంచిది కాదు, అది లెవల్ కోసం కాదు, పొటాషియం కోసం, షుగర్ కోసం. ఒక గ్లాసు రసంల సుమారు 450 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటది. టాక్రోలిమస్ కిడ్నీ నుంచి పొటాషియం బయటికి పోనియ్యదు, ఇన్ఫెక్షన్ రాకుండ మీ ఆయనకు కోట్రైమాక్సజోల్ గోలి ఇస్తుంటే అది గూడ పోనియ్యదు. లెవల్ ఎక్కినప్పుడు పొటాషియం గూడ దానితోనే ఎక్కింది, రసం దానికి తోడైంది. షుగర్ ముచ్చట ఏందంటే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గోలి, టాక్రోలిమస్ రెండూ షుగర్ తెప్పిచ్చేటివే, అంతకుముందు లేనోళ్లకు గూడ మార్పిడి అయినంక వస్తది. డాక్టర్లు పొటాషియం మామూలు అయింది అన్నంక కాయ ఒలుచుకొని తొనలు తినొచ్చు, పీచు గూడ పోతది, రసం తీసి గ్లాసులు నింపుడు వద్దు.

వనపర్తి_అమ్మ (రాత్రి 10:15)

బిడ్డా ధైర్యంగ ఉండు. మా కొడుకుకు మూడేండ్ల కింద అయింది, నేనే ఇచ్చిన కిడ్నీ, అందుకే మీ అత్తమ్మ బాధ నాకు తెలుస్తది. మాకు గూడ పొటాషియం 6 దాక పోయింది ఒకసారి. ఏం కారణం అని డాక్టరమ్మ గంట సేపు ఇంట్ల వంట గురించే అడిగింది, ఆఖరికి తేలింది ఏందంటే ఉప్పు. కొడుకుకు బీపీ ఉందని అల్లుడు తక్కువ సోడియం ఉప్పు అని డబ్బా తెచ్చిచ్చిండు, మంచిదే కదా అని అన్నిట్ల అదే ఏసిన. సోడియం తగ్గించి దాంట్ల పొటాషియం క్లోరైడ్ కలుపుతరంట, డబ్బా ఎనుక చిన్న అచ్చరాలల్ల ఉంటది, మాకేం తెలుసు. దానికి తోడు ఎండకాలం, పొద్దుగూకులు కొబ్బరిబోండాలు, కొబ్బరినీళ్లల్ల రసం కన్నా ఎక్కువే ఉంటదన్నరు. మీ ఇంట్ల గూడ ఆ ఉప్పు ఉందేమో చూడు.

చింతపండు పులుసు, టమాట, ఆలుగడ్డ, ఇవి పొటాషియం ఎక్కువున్నప్పుడు తగ్గించమన్నరు. ఆలుగడ్డ, కూరగాయలు చెక్కు తీసి సన్నగ కోసి, ఎక్కువ నీళ్లల్ల నానవెట్టి, ఉడకవెట్టి ఆ నీళ్లు పారబోసి వండుమన్నరు. రుచి పోతది గాని ఆ వారం పది రోజులే. తర్వాత పొటాషియం దిగినంక మామూలుగ తిన్నడు. జొన్నరొట్టె మా వానికి బాగ పడింది, అన్నం ఒక పూటకు తగ్గించి రాత్రి రొట్టె వెట్టిన, స్టెరాయిడ్‌తోని వచ్చే ఆకలికి అన్నమైతే ఎంత తింటున్నడో లెక్కనే ఉండకపోవు.

నీళ్లు ఎట్ల ఇస్తున్నవ్? మీ దిక్కు ఫ్లోరైడ్ అని అందరు ప్లాంట్ క్యాన్లు తెచ్చుకుంటరు, ఆ క్యాన్ నీళ్లు గూడ కాచి చల్లార్చి ఇయ్యి. పచ్చిపాలు వద్దు, రాత్రి మిగిలిన సద్దన్నం వద్దు, మొలకలు వద్దు, రోడ్డు మీద కోసిపెట్టిన పండ్లు, చెరుకురసం వద్దు. కల్లు అయితే అసలే వద్దు, దాంట్ల ఏం కలుపుతరో ఎవలికి తెలుసు.

చిన్నాయన_మిర్యాలగూడ (రాత్రి 10:40)

బిడ్డా, అందరు మందుల గురించి చెప్పిన్రు, నేను మన పెరటి వైద్యం చెప్త. మాటిమాటికి దగ్గు, జరం రాకుండ తిప్పతీగ కషాయం రోజు అర గ్లాసు తాగిపియ్యి. కరోనా అప్పుడు మా ఇంటిల్లిపాదికి అదే తాగిపిచ్చిన, రోగనిరోధక శక్తి బాగ పెరుగుతది. పసుపు గోలీలు గూడ వస్తున్నయ్ ఇప్పుడు.

మందుల_లెక్క (రాత్రి 11:05)

చిన్నాయనా, మీరు మంచి మనసుతోని చెప్పిన్రు, వేరే వాళ్లకైతే నేను ఏమనకపోదు. వీళ్ల ముచ్చట వేరే. కిడ్నీ అమ్మదే అయినా శరీరానికి అది పరాయిదే, రోగనిరోధక శక్తి దాని మీద పడకుండ తగ్గించి పెట్టుడే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ ఈ మూడు గోలీల పని. ఆ శక్తిని పెంచే తిప్పతీగ, అశ్వగంధ అసొంటివి ఇస్తే మనం ఒక దిక్కు గుంజుతుంటే అవి ఇంకో దిక్కు గుంజినట్టు అయితది. తిప్పతీగ తోని కాలేయం దెబ్బతిన్న కేసులు 2021ల ముంబై డాక్టర్లు రాసిన్రు, వాళ్లు మార్పిడి పేషెంట్లు గూడ కాదు. కూరల మామూలుగ ఏసే చిటికెడు పసుపుకు భయం లేదు, పసుపు గోలీలు మాత్రం వద్దు, ఎక్కువ మోతాదు పసుపుతోని టాక్రోలిమస్ లెవల్ ఎక్కిన కేసు ఉంది.

అమ్మా ఇంకో రెండు ముచ్చట్లు, నిద్రపోకముందు రాస్తున్న. గోలి ఏసుకొని గంటకు టిఫిన్ అన్నరు, అది మంచి అలవాటు, అట్లనే ఉంచండి. కొవ్వు ఎక్కువున్న తిండితోని కలిపి ఏస్తే టాక్రోలిమస్ మూడోవంతు కన్నా ఎక్కువే తక్కువ ఎక్కుతది, అందుకే దావత్‌ల బిర్యానీ తింటూ తింటూ గోలి మింగొద్దు, గంట ముందన్నా రెండు గంటలైనంకన్నా. రెండోది, గ్యాస్ అని పింక్ మందు తాగే అలవాటు మన దగ్గర ఉంది, దాంట్ల మెగ్నీషియం, అల్యూమినియం ఉంటయ్, అవి మైకోఫెనోలేట్‌ను పట్టుకొని లోపలికి పోనియ్యవు, రెండు గంటలు ఎడం ఉండాలె. టాక్రోలిమస్ తోని మెగ్నీషియం తగ్గి డాక్టర్లే మెగ్నీషియం గోలి రాస్తరు ఒక్కోసారి, అప్పుడు గూడ గదే ఎడం.

రేపు దవాఖానల ఒకటి అడగండి. క్లారిత్రోమైసిన్ ఒళ్లు విడిచిపెడుతున్న కొద్ది ఎంజైమ్ మల్ల పనిల పడ్తది, ఇప్పుడు మోతాదు తగ్గిస్తే వారంల లెవల్ మరీ కిందికి పోవచ్చు, మల్ల ఎప్పుడు రక్తం ఇయ్యాలె అని తేదీ అడిగి రాయించుకోండి.

బత్తాయితోట_నల్గొండ (12 రోజుల తర్వాత)

అందరికీ దండం. చెప్పుడు ఆలస్యం అయింది, నాలుగు రోజులు దవాఖానలనే ఉన్నం. సూది డైక్లోఫెనాకే అని ఆర్ఎంపీ ఫోన్ల ఒప్పుకున్నడు. పొటాషియంకు మందు ఇచ్చిన్రు, సెలైన్ ఎక్కిచ్చిన్రు, టాక్రోలిమస్ ఒక రోజంత ఆపి తక్కువ మోతాదుతో మొదలువెట్టిన్రు. మూడో రోజు లెవల్ 9.1. తేదీ అడగమన్నరు కదా మందుల లెక్క సార్, అడిగిన, వారానికి మల్ల చూసిన్రు, 5.2 కు దిగింది, మల్ల పాత 2 మిల్లీగ్రాములకు తెచ్చిన్రు. నిన్నటి రిపోర్ట్ల లెవల్ 7.4, క్రియాటినిన్ 1.2, పొటాషియం 4.6. చేతులు వణుకుడు తగ్గింది.

వనపర్తి పెద్దమ్మా, మా ఇంట్ల ఆ ఉప్పు లేదు గాని మా ఆయన చిన్నమ్మ ఇంట్ల ఉండె, ఆమెకు గూడ కిడ్నీ బాధనే, పారబోయించిన.

ఆర్ఎంపీ దగ్గరికి పోయి పట్టీ చూపిచ్చి ఈయనకు ఇగ మీదట ఏ మందు ఇచ్చినా ముందు మాకు చెప్పు, మేము హైదరాబాద్‌కు ఫోన్ చేసి అడిగినంకనే ఏస్తం అని చెప్పొచ్చిన. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్, డైక్లోఫెనాక్ అని పెద్ద అచ్చరాలతో తెలుగుల రాసి మా ఆయన ఫోన్ కవర్ ఎనుక పెట్టిన.

అత్తమ్మకు డాక్టరమ్మనే కూసోవెట్టుకొని చెప్పింది, అమ్మా నీ బత్తాయి తప్పు కాదు అని. ఆడిబిడ్డ గూడ వచ్చి తల్లి చేతులు పట్టుకొని ఏడ్చింది. నిన్న సాయంత్రం రిపోర్ట్ వచ్చినంక డాక్టర్‌ను అడిగి, అత్తమ్మ తోటకు పోయి ఒక్క కాయ తెంపుకొచ్చింది, తనే ఒలిచి, తొనకు పొర తీసి, ఇత్తులు తీసి ఆయన చేతిల పెట్టింది. సగం ఆయన తిన్నడు, సగం ఆమెకు పెట్టిండు.